తాయ్ చీ ఆరోగ్యవిద్యగా మారిన క్రమం: నస్పూర్ గని కార్మిక దేహం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తాయ్ చీ వల్ల ఒనగూరే ఆరోగ్య ప్రయోజనాలను వివరించే రచనలు సాధారణంగా ఆ విద్య ప్రాచీనతనే దాని విలువకు ప్రమాణంగా చూపుతాయి. యుద్ధవిద్యగా పుట్టిన తాయ్ చీ వృద్ధులకూ దుర్బలులకూ పనికివచ్చే ఆరోగ్యవిద్యగా రూపొందడం ప్రధానంగా ఇరవయ్యవ శతాబ్దపు పరిణామమని, కాబట్టి ‘అది ఎంత పాతది’ అన్న ప్రశ్న కన్నా ‘దాన్ని ఎవరి దేహం కోసం మార్చారు’ అన్న ప్రశ్నే చరిత్రకారునికి ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే కాలంలో తెలుగునాట సాగిన వ్యాయామోద్యమం బలవంతుడైన యువకుణ్ణే ఆదర్శంగా నిలుపుకొన్న తీరును దానితో పోల్చి, మంచిర్యాల జిల్లా నస్పూర్ ప్రాంతపు బొగ్గుగని కార్మికుని విషయంలో ఆ తేడాకు ఉన్న ప్రాధాన్యాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తాయ్ చీ, వ్యాయామోద్యమం, కోడి రామమూర్తి నాయుడు, సింగరేణి, నస్పూర్, శ్రామిక దేహం, వృద్ధాప్యం.

1. ప్రవేశిక

ముప్పై ఏళ్ళు బాయిలో వంగి లేచిన మనిషికి ఇంకా వ్యాయామం దేనికి? ఉత్తర తెలంగాణలో బొగ్గుగనిని ‘బాయి’ అంటారు. ఆ బాయి పనిని దగ్గరగా చూసినవారికి ఎవరికైనా తట్టే ప్రశ్న ఇది. ఉదయపు నడక, యోగాసనాలు, తాయ్ చీ వంటి వాటి గురించి పత్రికల ఆరోగ్య పుటలు చెప్పే మాటలు చాలావరకు కుర్చీలో కూర్చొని పనిచేసే మనిషిని ఊహించుకొని రాసినవి. ఆ మనిషికి కదలిక లేకపోవడమే రోగకారణం కనుక కదలికే మందు. కదలికే అరగదీసిన దేహానికి మళ్ళీ కదలికను మందుగా సూచించేటప్పుడు ఆ వాదం అంత తేలికగా నిలవదు.

నస్పూర్ మంచిర్యాల పట్టణాన్ని ఆనుకొని గోదావరికి ఉత్తరాన ఉన్న ఊరు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో మండల కేంద్రమైంది, 2018లో పురపాలక సంఘమైంది. అయితే ఆ ఊరి జీవితాన్ని నిర్ణయించినవి ఈ పాలనా విభాగాలు కావు. ఆర్కే, ఎస్సార్పీ, ఐకే అనే పొడి అక్షరాలతో, అంకెలతో పిలిచే సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా గనులు, ఆ గనుల కోసం వెలసిన కార్మిక కాలనీలు నిర్ణయించాయి. కోల్ కెమికల్ కాంప్లెక్స్ అన్న పేరు ‘సీసీసీ’గా కుదించుకొని కూడలికీ కాలనీకీ స్థిరపడిపోయిన ఊరది.

వృత్తి ఆరోగ్య పరిశోధనలో ‘శారీరక శ్రమ వైరుధ్యం’ అనే భావన ఒకటి ఇటీవలి కాలంలో బలపడింది. దాన్ని ముందుకు తెచ్చినవారిలో డెన్మార్క్ పరిశోధకులు ముఖ్యులు. తీరిక వేళ తన ఇష్టంతో చేసే శరీర శ్రమ గుండెకు మేలు చేస్తుండగా, ఉద్యోగంలో భాగంగా గంటల తరబడి చేసే భారీ శ్రమ ఆ మేలును ఇవ్వదని, కొన్నిచోట్ల హాని కూడా చేస్తుందని వారి పరిశీలన. ఎప్పుడు ఆగాలో పనివాని చేతిలో ఉండదు. ఒకే భంగిమలో ఒకే కండరం వేలసార్లు పనిచేస్తుంది. అలసట తీరకముందే మరుసటి షిఫ్టు వస్తుంది. శ్రమ వేరు, వ్యాయామం వేరు అని పెద్దలు ఎరిగిన విషయానికే ఇది శాస్త్రీయమైన ఆధారం. తాయ్ చీని ఈ తేడా వెలుగులో చదవాలన్నది ఈ వ్యాసకర్త ఉద్దేశం. అందుకు ముందు ఆ విద్య చుట్టూ అల్లుకున్న రెండు అపోహలను తొలగించుకోవాలి.

2. పేరులోని ‘చీ’

తాయ్ చీలోని ‘చీ’ అంటే ప్రాణశక్తి అని వివరించడం పరిపాటి. ఇది పొరపాటు. ఆ విద్య పూర్తి పేరు తాయ్‌జీచ్వాన్. ‘తాయ్‌జీ’ అన్నది చైనా తత్త్వచింతనలో పరమావధిని, యిన్-యాంగ్ అనే ద్వంద్వం పుట్టుకకు మూలమైన స్థితిని సూచించే పారిభాషిక పదం. ‘చ్వాన్’ అంటే పిడికిలి, అంటే ముష్టియుద్ధ విద్య. ఊపిరి, ప్రాణశక్తి అన్న అర్థంలో చైనీయులు వాడే ‘చీ’ వేరే అక్షరం, ఉచ్చారణ కూడా వేరు. పాత రోమన్ లిప్యంతరీకరణలో రెండూ ఒకేలా కనబడటం వల్ల, తెలుగులోకి వచ్చేసరికి ఆ కాస్త భేదం కూడా చెరిగిపోవడం వల్ల, ఒక యుద్ధవిద్య పేరు ప్రాణాయామపు పేరుగా చెలామణి అవుతోంది. చిన్న విషయమే. కాని ఈ పొరపాటు మీద కట్టిన వ్యాఖ్యానాలు చిన్నవి కావు.

లిఖిత ఆధారాలతో పట్టుకోగలిగినంతవరకు తాయ్ చీ చరిత్ర హెనాన్ రాష్ట్రంలోని ఛెన్‌జియాగౌ అనే పల్లెతో మొదలవుతుంది. మింగ్ వంశం కూలి చింగ్ వంశం గద్దెనెక్కిన పదిహేడవ శతాబ్దంలో ఛెన్ వాంగ్‌టింగ్ అనే మాజీ సైనికుడు తన వంశంవారికి నేర్పిన యుద్ధవిద్య దానికి మూలమని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. అందులోని భంగిమలు పలుమార్లు పదహారవ శతాబ్దపు సేనాని చీ జిగ్వాంగ్ సైనిక శిక్షణ గ్రంథంలోని భంగిమలతో సరిపోలుతాయి. అంటే ఆ విద్య గుహలో తపస్సు చేసిన యోగి దర్శనం కన్నా సైనికుల కవాతుకు దగ్గరది.

గుహలో యోగి కథ కూడా లేకపోలేదు. వూడాంగ్ పర్వతాల తావో సాధువు ఝాంగ్ సాన్‌ఫెంగ్ ఈ విద్యకు ఆద్యుడని ఐతిహ్యం. ఆ సాధువు పేరు యుద్ధవిద్యతో తొలిసారి ముడిపడినది 1669లో హువాంగ్ జోంగ్‌షీ రాసిన ఒక సమాధి శాసన పాఠంలో. చింగ్ పాలకులు మంచూలు, పరాయివారు. హువాంగ్ మింగ్ పక్షపాతి. బౌద్ధ షావోలిన్ ‘బయటి’ విద్య, తావో వూడాంగ్ ‘లోపలి’ విద్య అన్న ఆయన విభజనలో బౌద్ధం బయటినుంచి వచ్చినది, తావో మార్గం స్వదేశీయమైనది అన్న రాజకీయ ధ్వనిని కొందరు పండితులు చూశారు. 1930లో షావోలిన్, వూడాంగ్ పుట్టుపూర్వోత్తరాల మీద గ్రంథం ప్రచురించిన టాంగ్ హావ్ ఈ ఐతిహ్యాలను పత్రాధారాలతో ఖండించాడు. ఛెన్‌జియాగౌకు స్వయంగా వెళ్ళి వంశచరిత్రలు పరిశీలించాడు. తన సమకాలికుల అభిమానాలను నొప్పించి మరీ చేసిన పని అది. స్థానిక చరిత్ర మీద పనిచేసే పరిశోధక విద్యార్థులు తెలుసుకోదగిన పేరు.

3. బోధిధర్ముడు, మన అభిమానం

రెండవ అపోహ మనకు మరింత దగ్గరిది. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బోధిధర్ముడు షావోలిన్ భిక్షువులకు యుద్ధవిద్యలు నేర్పాడని, కాబట్టి చైనా విద్యలన్నీ మన వద్దనుంచి పోయినవేనని తరచుగా వింటాం. 2011లో వచ్చిన తమిళ చిత్రం ‘ఏళామ్ అరివు’ తెలుగు అనువాదం ‘సెవెన్త్ సెన్స్’ ఈ నమ్మకాన్ని ఇంటింటికీ చేర్చింది.

బోధిధర్ముణ్ణి పేర్కొన్న తొలి గ్రంథాల్లో ఒకటైన, 547 ప్రాంతపు లువోయాంగ్ ఆరామాల వర్ణన, ఆయనను పారశీకుడంటుంది. దక్షిణ భారతీయుడన్న మాట తాన్‌లిన్ రచనలో కనిపిస్తుంది. ఈ రెండింటిలోనూ యుద్ధవిద్య ప్రసక్తి లేదు. ఆయనకు ఆపాదించిన ‘యీజిన్ జింగ్’ అనే కండర వ్యాయామ గ్రంథం 1624 నాటిదని, ఏడవ శతాబ్దపు సేనాని రాసినట్లు దానికి తగిలించిన పీఠిక కూటరచన అని పరిశోధకులు తేల్చారు. బోధిధర్ముడు చనిపోయిన వెయ్యి సంవత్సరాల తరువాతి సంగతి ఇది. ఇక తాయ్ చీ అయితే షావోలిన్ పరంపరకు భిన్నమైనదిగానే తన్ను తాను చెప్పుకొంది.

భారత, చైనాల మధ్య దేహ సాధనల రాకపోకలు లేవని దీని అర్థం కాదు. బౌద్ధంతోపాటు ధ్యాన పద్ధతులు, శ్వాస సాధనలు ప్రయాణించాయి. ఆంధ్రదేశపు ధాన్యకటకాన్ని దర్శించిన హ్యూయన్‌త్సాంగ్ వంటి యాత్రికులు ఆ దారులకు సాక్షులు. అయినా ‘మనదే’ అన్న ముద్ర వేసుకోవాలన్న ఆత్రం మనకు మేలు చేయలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మనదని నిరూపించాక ఇక నేర్చుకోవలసింది ఏమీ మిగలదు. ఒక విద్య తన ఊరిలో ఎవరి అవసరం కోసం ఎలా మారిందన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

4. యుద్ధవిద్య నెమ్మదించిన కాలం

యాంగ్ లూచాన్ (1799-1872) ఛెన్ పల్లెలో ఈ విద్య నేర్చి బీజింగ్ చేరి మంచూ ప్రభువర్గానికి గురువయ్యాడు. ‘తాయ్‌జీచ్వాన్’ అన్న పేరు స్థిరపడింది కూడా ఈ పంతొమ్మిదవ శతాబ్దంలోనే. తుపాకులు యుద్ధాన్ని మార్చేసిన కాలమది. 1900లో బాక్సర్ల తిరుగుబాటు ఓటమితో పిడికిలి విద్యల ప్రతిష్ఠ పూర్తిగా దెబ్బతిన్నది. వాటి అవసరం అక్కడితో తీరిపోయి ఉండవచ్చు. అలా జరగకపోవడానికి కారణం ఆరోగ్యం.

‘తూర్పు ఆసియా రోగిష్ఠి’ అన్న మాట ఆనాటి చైనా విద్యావంతులను కుదిపిన అవమానం. దేశ దౌర్బల్యానికి దేహ దౌర్బల్యమే మూలమన్న నమ్మకంతో 1910లో షాంఘైలో జింగ్‌వూ వ్యాయామ సంఘం, 1912లో బీజింగ్‌లో శూ యూషెంగ్ ఆధ్వర్యంలో వ్యాయామ పరిశోధన సంస్థ, 1928లో నాన్‌జింగ్‌లో కేంద్రీయ జాతీయ విద్యల సంస్థ ఏర్పడ్డాయి. వంశంలోని మగపిల్లలకు మాత్రమే రహస్యంగా నేర్పిన విద్యలు బహిరంగ తరగతులయ్యాయి. ముద్రిత పుస్తకాలూ ఛాయాచిత్రాలూ గురువు స్థానంలో కొంతవరకు నిలిచాయి. సున్ లూటాంగ్ తాయ్ చీ గ్రంథం 1921లో వచ్చింది.

ఈ దశలో నిర్ణాయకమైన వ్యక్తి యాంగ్ లూచాన్ మనుమడు యాంగ్ చంగ్‌ఫూ (1883-1936). ఆయన తాతగారి విద్యలోని ఎగుళ్ళను, కాలితో నేలను బలంగా తన్నే అడుగులను, ఉన్నట్టుండి విసిరే దెబ్బలను తగ్గించి మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో సాగే విశాలమైన కదలికల క్రమాన్ని స్థిరపరిచాడు. 1928 తరువాత షాంఘైలో ఆయన శిష్యుల్లో ఉద్యోగులు, వర్తకులు, దీర్ఘరోగులు ఉన్నారు. యుద్ధానికి పనికిరాని దేహాలు యుద్ధవిద్యను మార్చాయి. ఈ రోజు ప్రపంచమంతా ‘తాయ్ చీ’ అనగానే కళ్ళకు కట్టే నెమ్మదితనం అనాది లక్షణం కాదు. ఛెన్ శైలిలో ఇప్పటికీ మెరుపు వేగపు కదలికలు ఉన్నాయి. నెమ్మది అన్నది ఎక్కువగా ఈ తరం చేసిన ఎంపిక.

విప్లవానంతర ప్రభుత్వం దీన్ని మరో మెట్టు ముందుకు తీసుకుపోయింది. 1956లో జాతీయ క్రీడా సంఘం యాంగ్ శైలి ఆధారంగా ఇరవై నాలుగు భంగిమల సంక్షిప్త క్రమాన్ని రూపొందించింది. నూటికి దగ్గరైన భంగిమలతో ఇరవై నిమిషాలకు పైగా పట్టే సుదీర్ఘ క్రమం స్థానంలో అయిదారు నిమిషాలలో ముగిసే పాఠం వచ్చింది. కర్మాగారాల్లో, పార్కుల్లో సామూహికంగా నేర్పడానికి వీలైన రూపమిది. దీనికి సోదరి వంటి శ్వాసచికిత్స ‘చీగోంగ్’కు తొలి శానటోరియంలలో ఒకటి 1950ల మధ్యలో తాంగ్‌షాన్‌లో ఏర్పడటం మన ప్రస్తావనకు ఆసక్తికరం. అది కైలువాన్ బొగ్గుగనులకు పేరుపడిన నగరం. 2020 డిసెంబరులో యునెస్కో తాయ్‌జీచ్వాన్‌ను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు పత్రం కన్నా 1956 నాటి కుదింపే సామాన్యునికి ఎక్కువ ఉపకరించిందని చెప్పవచ్చు.

5. తెలుగునాట బలదేహ ఆదర్శం

ఇదే కాలంలో మన నేల మీద కూడా పరాధీనతకు జవాబుగా దేహాన్ని నిర్మించుకోవాలన్న తపన కనిపిస్తుంది. 1904-05లో యూజిన్ శాండో భారతదేశంలో ఇచ్చిన ప్రదర్శనలు, ఔంధ్ సంస్థానాధీశుడు 1920లలో ప్రచారం చేసిన సూర్యనమస్కారాలు, అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వంటి సంస్థలు ఈ ఉద్యమానికి అఖిల భారత నేపథ్యం. తెలుగువారిలో దీనికి ప్రతీక కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ శిక్షకుడై, సర్కస్ సంస్థ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలుపుకొని, ఉక్కు గొలుసులు తెంచి, ‘కలియుగ భీముడు’ అనిపించుకొన్నాడు. ఆయన సాధనలో ప్రాణాయామానికి, వాయుస్తంభనకు ముఖ్యస్థానం ఉండేది. శ్వాసను బలానికి జోడించిన ఆ పద్ధతిని తాయ్ చీతో పోల్చదగినదిగా భావించవచ్చు. అయితే ఆయన గమ్యం ప్రదర్శన, అసామాన్య బలం. చివరి దశలో కాలు కోల్పోయి 1942లో ఒరిస్సాలో మరణించిన ఆ మహాబలుని జీవితంలో, బలం తగ్గిన దేహం ఏ సాధన చేయాలన్న ప్రశ్నకు ఆ ఉద్యమం దగ్గర జవాబు కనిపించదు.

నైజాం తెలంగాణలో తాలీంఖానాలు, కుస్తీ పట్లు, పీర్ల పండుగ వేళ కర్రసాము ప్రదర్శనలు ఉండేవి. హైదరాబాదు రాజ్యంలో ఆర్యసమాజ్ వ్యాయామశాలలు 1930లకు స్పష్టమైన రాజకీయ అర్థాన్ని సంతరించుకొన్నాయి. ఎక్కడ చూసినా ఆదర్శం ఒక్కటే. పెళ్ళికాని, రోగంలేని, కండలు తిరిగిన పడుచువాడు. 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’ తరువాత తెలుగు పట్టణాలకు తూర్పు ఆసియా యుద్ధవిద్యలు చేరినప్పుడు కూడా కుర్రవాళ్ళ కరాటేయే వచ్చింది. ముసలివారి తాయ్ చీ రాలేదు.

దీనికి మూలం ఆధునిక జాతీయవాదంలోనే లేదు. వాగ్భటుని అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో వ్యాయామ గుణాలను ఎంతో చక్కగా చెప్పింది. దేహానికి తేలికదనం, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్నికి దీప్తి కలుగుతాయంది. శక్తిలో సగం మేరకే చేయాలన్న హద్దు కూడా పెట్టింది. ఆ సగం శక్తి సూత్రం ఈనాటి ఏ శిక్షకుడైనా గోడమీద రాసుకోదగినది. కాని అదే చోట వాతపిత్త రోగులు, బాలురు, అజీర్ణం ఉన్నవారితోపాటు వృద్ధులు వ్యాయామాన్ని విడిచిపెట్టాలని విధించింది. ఆనాటికి తెలిసిన వ్యాయామాలు మల్లబంధాల వంటివి కనుక ఆ నిషేధం వివేకమే. అయినా దాని ఫలితంగా ముసలివానికి మన సంప్రదాయం ఇచ్చినవి అభ్యంగనం, విశ్రాంతి, పథ్యం. హఠయోగంలో తగిన సాధనాలు లేకపోలేదు, వాటిని పండుటాకుల కోసం ప్రత్యేకంగా మలిచే పని మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

6. తట్ట, చెమ్మస్, మోకాలు

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడను కనుగొన్నాడు. 1886లో లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి, 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. గోదావరి లోయ వెంట ఉత్తరానికి విస్తరించిన ఆ తవ్వకం బెల్లంపల్లి, మందమర్రి మీదుగా శ్రీరాంపూర్-నస్పూర్ నేలకు చేరింది. చుట్టుపక్కల ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చిన రైతుకూలీలు, కులవృత్తులు కోల్పోయినవారు బాయి పనికి కుదిరారు.

యంత్రాలు రాకముందు భూగర్భ గనిలో అత్యధికులు ఫిల్లర్లు. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్టను నెత్తికో భుజానికో ఎత్తుకొని టబ్బులో పోయడం వారి పని. ఆ పనిని దేహయంత్రశాస్త్ర దృష్టితో చూస్తే, నడుము వంచి, ఒక పక్కకు తిరిగి, బరువుతో లేవడం. వెన్నుపూసల మధ్య మెత్తటి భాగాలకు ఇంతకన్నా ప్రతికూలమైన కదలిక ఉండదు. అందుకు తోడు ఏటవాలు దారిలో దిగడం, షిఫ్టు ముగిశాక అదే దారిలో ఎక్కడం, ఉక్కపోత, కాళ్ళకింద నీరు, తల ఎత్తనీయని కప్పు. గని పనివారి మోకాళ్ళకు వచ్చే ప్రత్యేకమైన వాపును బ్రిటన్ ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకంలోనే నష్టపరిహారానికి అర్హమైన వృత్తిరోగాల్లో చేర్చింది. ఎస్డీఎల్ వంటి లోడింగ్ యంత్రాలు వచ్చాక తట్టా చెమ్మస్ క్రమంగా కనుమరుగయ్యాయి. వాటితో పనిచేసిన మోకాళ్ళు మాత్రం ఇంకా నస్పూర్ వీధుల్లో నడుస్తున్నాయి.

ఊపిరితిత్తుల సంగతి వేరే చెప్పాలి. బొగ్గుధూళి పేరుకొని వచ్చే న్యూమోకోనియోసిస్‌లో గట్టిపడిన కణజాలం తిరిగి మెత్తబడదు. గనుల చట్టం 1952 కింద దాన్ని ప్రకటిత వ్యాధిగా గుర్తించారు. గని కార్మికులకు ఐదేళ్ళకు మించని వ్యవధిలో వైద్య పరీక్ష జరగాలన్న నిబంధన కూడా ఆ చట్టం కింద ఉండేది.

ఇంట్లో ఉన్న దేహాన్ని కూడా మరువరాదు. భూగర్భ గనిలో స్త్రీల పనిని అదే చట్టం నిషేధించింది. 2019లో గాని సడలింపు రాలేదు. అయినా బొగ్గు ఊరి స్త్రీ బొగ్గుకు దూరంగా లేదు. ఇంటి వాడకానికి వచ్చిన బొగ్గుతో మండిన పొయ్యి పొగను దశాబ్దాలపాటు పీల్చింది ఆమె. ఎముకలు గుల్లబారి, ఒక్కసారి జారిపడితే తుంటి విరిగి మంచాన పడే ప్రమాదం వృద్ధ స్త్రీలకు మగవారికన్నా ఎక్కువ. ఈ విషయం సింగరేణి చరిత్రల్లో చోటుచేసుకోవలసినంతగా చోటుచేసుకోలేదు.

7. పరీక్షకు నిలిచిన ప్రయోజనాలు

తాయ్ చీ సర్వరోగ నివారిణి అన్న ప్రచారాన్ని పక్కనపెట్టి, నియంత్రిత పరీక్షల్లో తేలినదాన్ని చూద్దాం. 1996లో అట్లాంటాలో డెబ్బై ఏళ్ళకు పైబడిన 200 మందితో జరిగిన అధ్యయనంలో పదిహేను వారాల తాయ్ చీ సాధన, పదేపదే కిందపడే ముప్పును 47.5 శాతం తగ్గించింది. 2018లో వెలువడిన, 670 మంది పాల్గొన్న మరో అధ్యయనంలో కేవలం కండరాలు సాగదీసే వ్యాయామంతో పోలిస్తే చికిత్సా రూపపు తాయ్ చీ చేసినవారిలో పడిపోవడాలు 58 శాతం తక్కువ. పలురకాల వ్యాయామాలు కలిపి చేసినవారితో పోలిస్తే ఆ తేడా 31 శాతం. మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్న 204 మందితో 2016లో ప్రచురితమైన పరిశోధన, పన్నెండు వారాల తాయ్ చీ ఫిజియోథెరపీతో సమానంగా నొప్పిని తగ్గించిందని చూపింది. పార్కిన్సన్ రోగుల్లో 2012 నాటి అధ్యయనం 195 మందిలో నిలకడ మెరుగైనట్లు గుర్తించింది. అక్కడ కూడా పడిపోవడాల విషయంలో బరువులతో చేసే వ్యాయామం కన్నా తాయ్ చీ మెరుగని తేలలేదన్నది గుర్తుంచుకోవాలి.

గని ప్రాంతానికి అన్నిటికన్నా సన్నిహితమైనది 2018లో వెలువడిన ఒక అధ్యయనం. చైనా గ్రామీణ ప్రాంతంలో దీర్ఘకాలిక శ్వాసనాళ అవరోధ వ్యాధితో బాధపడే 120 మందిలో తాయ్ చీ, ఆసుపత్రిలో జరిపే శ్వాసకోశ పునరావాస వ్యాయామానికి సాటిగా నిలిచింది. శిక్షణ ముగిసిన పన్నెండు వారాల తరువాత చూస్తే తాయ్ చీ బృందం కొంత ముందుంది. యంత్రాలు అవసరం లేని సాధన కాబట్టి వారు ఇంటి దగ్గర కొనసాగించగలగడం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఈ ఫలితాన్ని న్యూమోకోనియోసిస్‌కు యథాతథంగా వర్తింపజేయడం మాత్రం తొందరపాటు. రెండు వ్యాధులూ ఒకటి కావు. ఈ సాధన మచ్చపడిన ఊపిరితిత్తిని బాగుచేయదు, ఉన్న ఊపిరితో కాస్త ఎక్కువ దూరం నడిచే శక్తిని కాళ్ళకు ఇవ్వవచ్చు. ఇంకొక పరిమితి కూడా ఉంది. మాత్ర వేసుకొన్నవారికి అది అసలుదో ఉత్తదో తెలియకుండా ఉంచవచ్చు, తాయ్ చీ చేసేవారికి తాము చేస్తున్నదేమిటో తెలుసు. కాబట్టి నొప్పి వంటి స్వీయానుభవ ఫలితాల్లో నమ్మకం పాత్ర ఎంతో విడదీయడం కష్టం.

ప్రయోజనానికి కారణం మర్మమైనదేమీ కాదు. సాధకుడు మోకాళ్ళను కొద్దిగా వంచి, ఒక కాలి మీది బరువును మెల్లగా రెండో కాలి మీదికి మారుస్తాడు. పూర్తిగా మారాకనే ఖాళీ అయిన కాలిని ఎత్తుతాడు. ఆ నెమ్మదిలో తొడ కండరాలు ఎక్కువసేపు పనిచేస్తాయి. చీలమండలం, అరికాలు నేల స్థితిని మెదడుకు తెలిపే జ్ఞానం పదునెక్కుతుంది. నడుము నిటారుగా ఉంటుంది, తిరగడం తుంటి వద్ద జరుగుతుంది. తట్టెత్తే కదలికతో పోల్చి చూస్తే ప్రతి అంశంలోనూ ఇది దానికి ఎదురుగా నిలుస్తుంది. అక్కడ వంగిన నడుము, ఇక్కడ నిలిచిన నడుము. అక్కడ టబ్బు లెక్క తరిమే వేగం, ఇక్కడ ఊపిరి నిర్ణయించే వేగం. ఎక్కడ ఆగాలో తెలిసిన కదలిక అన్నది ఆ రెండింటికీ అసలు తేడా. వాగ్భటుని సగం శక్తి హద్దును, ఆయన మినహాయించిన వృద్ధునికే వర్తింపజేసిన సాధనగా తాయ్ చీని చదవవచ్చు.

8. ‘అన్‌ఫిట్’ అనే మాట

ఆరోగ్య ప్రయోజనాల వాదం నస్పూర్ వంటి ఊరికి వచ్చినప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. అనారోగ్యం వల్ల పనికి అనర్హుడని వైద్య మండలి తేల్చిన కార్మికుని స్థానంలో అతని కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు సింగరేణిలో రకరకాల పేర్లతో, ఆగుతూ మళ్ళీ మొదలవుతూ వచ్చింది. 2016లో సంస్థ వారసత్వ ఉద్యోగాల పథకానికి ఆమోదం తెలిపింది. 2017లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ తరువాత వైద్య కారణాల మీద కారుణ్య నియామకాల రూపంలో అది కొనసాగింది. కొత్తగూడెంలోని కార్పొరేట్ మెడికల్ బోర్డు పేరు తెలియని కార్మిక కుటుంబం ఉండదు. బొగ్గు ఊరిలో ‘అన్‌ఫిట్’ అన్న మాటకు వైద్యార్థంతోపాటు కుటుంబ భవిష్యత్తు అన్న అర్థం కూడా ఉంది. నిరుద్యోగం తీవ్రంగా ఉన్నచోట తండ్రి మోకాలు అరిగిపోవడం కొడుకు జీతంగా మారుతుంది. అటువంటి చోట ‘ఆరోగ్యంగా ఉండండి’ అన్న సలహా అమాయకమైనదిగా వినిపిస్తే తప్పు వినేవారిది కాదు. చైనా 1956లో సంక్షిప్త క్రమాన్ని రూపొందించినప్పుడు కూడా కార్మికుణ్ణి తిరిగి ఉత్పత్తికి నిలబెట్టడం ఆ రాజ్యం లెక్కలో ఒక భాగం. దేహానికి నేర్పే ప్రతి విద్య వెనుకా ఆ దేహం ఎవరికి ఎంతకాలం కావాలన్న లెక్క ఉంటుంది.

ఆ లెక్క ముగిసిన తరువాతి కాలం గురించే ఈ వ్యాసం పట్టుదల. పదవీ విరమణ అయినా, అన్‌ఫిట్ అయినా, మస్టరు నుంచి పేరు తొలగిన మరునాటి నుంచి ఆ దేహం ఎవరి ఉత్పత్తికీ అక్కరలేదు. కంపెనీ క్రీడాపోటీలు ఉద్యోగంలో ఉన్నవారివి. ఏటా జూన్ 21న మైదానంలో జరిగే యోగ దినోత్సవం ఒక ఉదయపు కార్యక్రమం. పై అధ్యయనాల్లో ఫలితం ఇచ్చినవి వారానికి రెండు మూడు సార్లు, కనీసం పన్నెండు వారాలు, తెలిసిన శిక్షకుని వద్ద సాగిన తరగతులు. మోకాలు ఎక్కువ వంచితే హాని జరుగుతుంది కనుక అరిగిన కీళ్ళవారికి భంగిమ లోతు తగ్గించి నేర్పగలవాడు కావాలి. గోడ పట్టుకొని, అవసరమైతే కుర్చీలో కూర్చొని చేసే రూపాలు ఉన్నాయి.

గనిలో పనిచేసి దిగిపోయిన వృద్ధులను ప్రత్యేకంగా తీసుకొని ఈ సాధన ఫలితాలను కొలవడం తెలుగు ప్రాంతపు వైద్య, వ్యాయామ విద్యా శాఖలకు అందుబాటులో ఉన్న పని. దానికి ఖర్చయ్యేది ప్రధానంగా శిక్షకుని కాలం. పాల్గొనేవారి పని చరిత్రను, అంటే ఎవరు ఫిల్లరు, ఎవరు టింబర్‌మన్, ఎవరు హాలర్ మీద పనిచేశారు, ఎన్నేళ్ళు భూగర్భంలో ఉన్నారు అన్న వివరాలను ముందుగా వారి నోట నమోదు చేయాలి. ఆ మౌఖిక చరిత్ర లేకుండా మోకాలి నొప్పి కొలత అసంపూర్ణం. వారి భార్యలను కూడా అదే తరగతిలో చేర్చుకోవాలి. ఇరవై నాలుగు భంగిమల క్రమానికి పట్టేది అయిదారు నిమిషాలు. ఒకరు చేసుకోవడానికి కావలసిన స్థలం ముందుకు వెనక్కు నాలుగైదు అడుగులు పడేంత మేర. కాలనీ క్వార్టరు ముందున్న జాగా దానికి సరిపోతుంది.